సరిచేసుకోవలసింది మీ సోమవారాన్ని

ప్రశ్న: నా వయసు 42 సంవత్సరాలు. గాజువాకలో ఉంటాను, షిఫ్టుల ఉద్యోగం. మా నాన్నగారు మధుమేహంతో చాలా ఏళ్లు బాధపడి పోయారు. రెండేళ్ల క్రితం నేను పరీక్ష చేయించుకుంటే, దాదాపు మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. అప్పుడు నా బరువు 86 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. భయపడి ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నాను, వంటింట్లోకి చిన్న తూకం కొన్నాను, తిన్న ప్రతిదీ లెక్క రాస్తూ రోజూ ఆరు కిలోమీటర్లు నడిచాను. ఇప్పుడు 74 కిలోలు. నడుము 101 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.5 ఉంది. అందరూ మెచ్చుకుంటున్నారు గాని, నాకు తిండి అంటేనే బెదురు పట్టుకుంది. రోజుకు 1400 కేలరీలు దాటనివ్వను. షిఫ్టులో టీ, బిస్కట్లు కూడా అందులోనే సర్దుకుంటాను. ఆదివారం ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో అందరం కలుస్తాం. బిర్యానీ, రొయ్యల ఇగురు, బూరెలు ఉంటాయి. పొద్దున ఏమీ తినకుండా వెళతాను. మొదట వద్దంటాను, తరువాత ఆపుకోలేక ఆయాసం వచ్చేదాకా తింటాను. సోమవారం తెల్లవారి తూకం చూస్తే కిలోన్నర పెరిగి ఉంటుంది. ఆ రోజంతా మజ్జిగ మీద ఉండి పదిహేను కిలోమీటర్లు నడుస్తాను. ఈమధ్య మోకాలు నొప్పి మొదలైంది. కిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినప్పుడు కూడా స్వామిని తలచుకున్నదానికంటే చేతి వాచీ చూసుకున్నదే ఎక్కువ. అది 2600 కేలరీలు చూపించింది. మొన్న మా పదమూడేళ్ల అమ్మాయి నానమ్మ చేసిన అరిసెను పక్కన పెట్టి, ‘ఇందులో ఎన్ని కేలరీలు నాన్నా?’ అని అడిగింది. 68 కిలోలకు రావాలన్నది నా లక్ష్యం. వ్యాయామం, లెక్క, ఇష్టమైన తిండి, ఈ మూడూ తప్పు చేశానన్న బాధ లేకుండా కలిసి సాగాలంటే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరంలో మీరు వెనక్కి నెట్టేసిన విషయాన్ని ముందు చెబుతాను. ఏ భయంతో మీరు ఈ పని మొదలుపెట్టారో, ఆ భయానికి చేయదగిన చికిత్సలో పెద్ద భాగం మీరు ఇప్పటికే చేసుకున్నారు. మధుమేహం అంచున ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. శరీర బరువులో ఏడు శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు నడవడాన్ని లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో, ఆ మూడేళ్ల కాలంలో మధుమేహం బారిన పడే అవకాశం 58 శాతం తగ్గిందని అందులో తేలింది. చెన్నైలో మన దేశస్థుల మీదే జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకపోయినా, ఆహారం, నడక మార్చుకున్నవారిలో ఆ ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. మీరు 86 నుంచి 74కి రావడమంటే పద్నాలుగు శాతం తగ్గడం, అంటే ఆ అమెరికా లక్ష్యానికి రెట్టింపు. హెచ్‌బీఏ1సీ 5.7 లోపల ఉంటే మామూలు స్థాయిగా లెక్కిస్తారు, మీది 5.5. తండ్రిగారి నుంచి వచ్చిన ముప్పు దీనితో పూర్తిగా తుడిచిపెట్టుకుపోదు గనుక ఏటా పరీక్ష మానకూడదు. అంతే తప్ప, ఆదివారం నాడు ఒక బూరె తింటే ఈ సాధించినదంతా కూలిపోతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

మీరు ఆదివారం తిన్నదాన్ని తప్పుగానూ, సోమవారం చేసినదాన్ని దిద్దుబాటుగానూ రాశారు. నాకు మీ ఉత్తరం చదివితే దానికి తలకిందులుగా కనిపించింది. ఆదివారం మధ్యాహ్నం మీరు ఆపుకోలేకపోవడానికి కారణం మీ మనోబలం తక్కువై కాదు. సోమవారం నుంచి శనివారం దాకా మీరు శరీరాన్ని ఉంచుతున్న తీరే దానికి కారణం. మీ వయసు, ఎత్తు, బరువులను బట్టి వాడుకలో ఉన్న సూత్రంతో లెక్కిస్తే, మీరు రోజంతా మంచం దిగకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, ఊపిరితిత్తులు పనిచేయడానికే సుమారు 1600 కేలరీలు కావాలి. ఉద్యోగం, ఆరు కిలోమీటర్ల నడక కలిపితే ఆ ఖర్చు 2300 నుంచి 2500 మధ్య ఉంటుంది. మన జాతీయ పోషకాహార సంస్థ 65 కిలోల బరువుండి, కూర్చుని పనిచేసే పురుషుడికే 2110 కేలరీలు కావాలని లెక్కగట్టింది. మీరు పెట్టుకున్న 1400 అన్న హద్దు మీ నిద్రకు కూడా సరిపోదు.

ఇలా ఉంచితే మనిషికి ఏమవుతుందో ఎనభై ఏళ్ల క్రితమే పరీక్షించి చూశారు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం ప్రారంభించాడు. యుద్ధకాలపు ఐరోపాలో ఆకలితో అలమటిస్తున్నవారిని తిరిగి కోలుకునేలా చేయడం ఎలాగో తెలుసుకోవడం దాని ఉద్దేశం. అందులో భాగంగా వారికి ఇరవై నాలుగు వారాల పాటు రోజుకు 1600 కేలరీలకు కాస్త అటూ ఇటూగా తిండి పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. కొన్ని వారాలకే ఆ యువకులకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించారు, పళ్లేలు నాకారు, మాటల్లోనూ కలల్లోనూ తిండే. ప్రయోగం ముగిశాక ఎంత తిన్నా తృప్తి తీరని స్థితి కొందరిలో నెలల తరబడి ఉండిపోయింది. వారికంటే తక్కువ తిని, వారానికి యాభై కిలోమీటర్లకు పైగా నడుస్తున్న మీకు అక్క ఇంట్లో బిర్యానీ గిన్నె ముందు చేయి ఆగకపోవడంలో వింత ఏముంది? ఆ స్థితిలో ఎవరికీ ఆగదు.

ఆకలికి తోడు మరో సంగతి ఉంది, అది మనసుకు సంబంధించినది. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు యువతులకు మొదట మిల్క్ షేక్ ఇచ్చి, తరువాత వారి ముందు ఐస్‌క్రీమ్ పెట్టి ఎంత తింటారో చూశారు. తిండి విషయంలో ఏ నియమమూ పెట్టుకోనివారు మిల్క్ షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నియమంగా ఉండేవారు మాత్రం మిల్క్ షేక్ తాగాక మరింత ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం తప్పింది, ఇక ఎంతైతేనేం అన్న ధోరణి అది. మొదటి బూరె దగ్గరే మీ రోజు ‘చెడిపోయింది’ గనుక రెండోదానికీ అయిదోదానికీ మీ దృష్టిలో తేడా ఉండదు. పైగా సోమవారం నుంచి మళ్లీ కటకటే అని తెలుసు గనుక, దొరికిన నాడే తినేయాలన్న తొందర లోపల పనిచేస్తుంది. అంటే సోమవారపు మజ్జిగ ఉపవాసం ఆదివారపు అతితిండికి మందుగా పనిచేయడం లేదు, వచ్చే ఆదివారానికి రంగం సిద్ధం చేస్తోంది.

ఇక మిమ్మల్ని హడలెత్తిస్తున్న ఆ కిలోన్నర సంగతి. ఒక కిలో కొవ్వు శరీరంలో చేరాలంటే ఖర్చుకు మించి సుమారు 7700 కేలరీలు తినాలి. కిలోన్నరకు దాదాపు 11,500 కావాలి. మీరు ఎంత ఆయాసపడి తిన్నా, ఒక మధ్యాహ్నం భోజనంలో అన్ని కేలరీలు కడుపులోకి పోవు. వారమంతా అన్నం తగ్గించి తిన్నవారి కండరాలలోను, కాలేయంలోను పిండిపదార్థపు నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆదివారం బిర్యానీ అన్నం వాటిని నింపుతుంది, ఆ నిల్వ ప్రతి గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని తనతో ఉంచుకుంటుంది. మసాలాలోనూ ఇగురులోనూ ఉన్న ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది. ఇంకా జీర్ణం కాని తిండి పేగుల్లోనే ఉంటుంది. యంత్రం మీద నిలబడితే కనిపించే అంకెలో ఇవన్నీ కలిసే ఉంటాయి. ఆ నీరు బుధ, గురువారాలకల్లా మామూలుగా తిన్నా పోతుంది. మీరు ఉపవాసం ఉండి, పదిహేను కిలోమీటర్లు నడవడంవల్లే అది పోయిందని ఇన్నాళ్లూ నమ్మారు. సోమవారం తూకం చూడడం ఇక మానండి. వారానికి ఒక్కసారి, శుక్రవారం పొద్దున చూసుకుంటే చాలు.

తిన్నది నడిచి తీర్చుకోవాలన్న ఆలోచన ఎక్కడికి దారి తీస్తుందో మీ గిరి ప్రదక్షిణతోనే చూద్దాం. సింహాచలం కొండ కింద మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి మళ్లీ తొలి పావంచాకు చేరే ఆ దారి సుమారు 32 కిలోమీటర్లు. 74 కిలోల మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడిస్తే, ఊరికే కూర్చుని ఉన్నా ఖర్చయ్యేది తీసివేయగా, గంటకు 185 కేలరీల దాకా అదనంగా ఖర్చవుతుంది. ఆరున్నర గంటల నడకకు అది 1200 దగ్గర తేలుతుంది. ఒక పెద్ద ప్లేటు బిర్యానీ, కాస్త ఇగురు, రెండు బూరెలు కలిస్తే వచ్చేది కూడా ఇంచుమించు అంతే. ఒక్క భోజనానికి ఒక గిరి ప్రదక్షిణ చొప్పున తీర్చుకోవాలంటే మన ఊళ్లో ఎవరూ పనికి వెళ్లలేరు. మీ వాచీ చూపిన 2600 గురించి కూడా బెంగ అక్కరలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షించినప్పుడు గుండె వేగాన్ని చాలావరకు సరిగానే చెప్పాయి గాని, కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే వెనుకబడినది 93 శాతం తప్పింది. ఆ అంకెను నమ్మి తినడమూ, ఆ అంకె కోసం నడవడమూ రెండూ వృథా ప్రయాసలే. వ్యాయామాన్ని ప్రాయశ్చిత్తంగా చేసేవారికి మరో నష్టం కూడా ఉంది. తప్పు చేయలేదనిపించిన వారం వారికి నడవడానికి కారణం కనిపించదు.

మరి వ్యాయామం ఎందుకంటే, ముఖ్యంగా మీ కుటుంబ చరిత్ర ఉన్నవారికి, రక్తంలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండరమే గనుక. కదిలే కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరను లోపలికి తీసుకుంటుంది, ఆ నడక అయిన తరువాత కూడా చాలా గంటలపాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. భోజనమైన తరువాత పది, పదిహేను నిమిషాలు నిదానంగా నడిస్తే భోజనానంతరం పెరిగే చక్కెర అంత ఎత్తుకు పోదు. ఈ లాభం బరువు తూకంలో ఒక్క గ్రాము తేడా రాకపోయినా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలి. మీ రోజువారీ ఆరు కిలోమీటర్లే వారానికి 500 నిమిషాలవుతాయి. అవసరానికి మించే నడుస్తున్నారు. కానీ అదే సంస్థ వారానికి కనీసం రెండు రోజులు చేయమన్న కండర బలం పెంచే వ్యాయామం మాటే మీ ఉత్తరంలో లేదు. తక్కువ తిని, నడక మాత్రమే చేసి తగ్గినవారిలో తగ్గిన బరువులో కొంత కండరమూ ఉంటుంది. మధుమేహానికి భయపడేవారు పోగొట్టుకోకూడనిది దానినే. అందుచేత నడకను రోజుకు నాలుగు కిలోమీటర్లకు తగ్గించి, మిగిలిన సమయాన్ని వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, బరువైన సంచీ ఎత్తి దించడం వంటి వాటికి కేటాయించండి. జిమ్ దగ్గరలో ఉంటే మరీ మంచిది. మోకాలు నొప్పి ఉన్నంతకాలం సింహాచలం మెట్ల జోలికీ, కైలాసగిరి మెట్ల జోలికీ పోవద్దు. దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం ఎక్కేటప్పటికంటే ఎక్కువ. పదిహేను కిలోమీటర్ల సోమవారాన్ని ఈ వారమే మానేయాలి. రెండు వారాలు మానినా నొప్పి తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి వదిలే మన బీచ్ రోడ్డులో, నడక ముగించి టిఫిన్ బండి దగ్గర చేరి నేతి ఇడ్లీలు తినే పెద్దమనుషుల బృందాలను చూసి, ‘నడిచిందంతా బూడిదలో పోసిన పన్నీరు’ అని నవ్వేవారు చాలామంది ఉన్నారు. నేను నవ్వను. ఆ కబుర్ల కోసం, ఆ ఇడ్లీ కోసం వాళ్లు వానాకాలంలోనూ మానకుండా వస్తారు. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని చెమటను కొవ్వనుకుంటూ పరుగెత్తి, నెల తిరగకుండా కనిపించకుండా పోయేవారితో పోలిస్తే, వైద్యుడి కోణంలోంచి చూసినా ఆ బృందాలే మేలు.

కేలరీల లెక్కను మీరు పూర్తిగా పారేయనవసరం లేదు. ఏ వంటలో ఎంత ఉందో బొత్తిగా తెలియని స్థితి నుంచి తెలిసిన స్థితికి అది మిమ్మల్ని తెచ్చింది. గ్రాము నూనెలో తొమ్మిది కేలరీలు, గ్రాము పిండిపదార్థంలోనో మాంసకృత్తుల్లోనో నాలుగు కేలరీలు ఉంటాయన్నది తెలిస్తే వంటింట్లో చాలా నిర్ణయాలు సులువవుతాయి. కాని మన తిండికి ఆ లెక్క ఎంతవరకు సరిపోతుందో కూడా తెలియాలి. ఒకే గిన్నెలో వండి నలుగురు వడ్డించుకునే ఇంట్లో మీ గరిటెలోకి ఎంత నూనె తేలిందో ఏ యాప్‌కూ తెలియదు. ‘రొయ్యల ఇగురు, ఒక కప్పు’ అని నొక్కితే వచ్చే అంకె ఎవరి ఇంటి ఇగురుదో ఎవరికీ తెలియదు. రోజుకు 200 కేలరీల తేడా సులభంగా వచ్చే లెక్కలో 1400కు 1420 అయిందని నిద్ర పోగొట్టుకోవడం అనవసరం.

దీనికి బదులు తూకం అవసరం లేని ఒక లెక్క చెబుతాను. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, 2000 కేలరీల నమూనా ఆహారంలో రోజుకు మనిషికి 27 గ్రాముల నూనె, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు, 250 గ్రాముల ధాన్యం, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు ఉన్నాయి. మీ ఇంట్లో మీరు, మీ భార్య, అమ్మగారు, అమ్మాయి నలుగురే అనుకుంటే, ఆ చొప్పున నెలకు మూడున్నర లీటర్ల నూనె సరిపోవాలి. నెలాఖరున ఖాళీ లీటరు ప్యాకెట్లు లెక్కపెట్టండి. అయిదో ఆరో ఉంటే, అసలు సమస్య ఆదివారం అక్క ఇంట్లో లేదు, మీ ఇంటి తాలింపు గరిటెలోనే ఉంది. పండగ నెలలో ఒక ప్యాకెట్ పెరిగితే పెరగనివ్వండి. నెలకు ఒకసారి చేసే ఈ లెక్క రోజుకు పదిసార్లు చేసే లెక్కకంటే ఎక్కువ చెబుతుంది, భోజనం మధ్యలో ఫోన్ తీయవలసిన పనీ ఉండదు. వంటింటి తూకాన్ని వచ్చే నెల నుంచి వారానికి రెండు రోజులు మాత్రమే వాడి, ఆ తరువాత అటక ఎక్కించండి. రెండేళ్లు తూచిన చేతికి కప్పు అన్నం ఎంతో చూడగానే తెలుస్తుంది.

తిండి హద్దును ఒకేసారి ఎత్తేస్తే మీరు కంగారు పడతారు గనుక, రెండు వారాలు 1700 దగ్గర, తరువాత 2000 నుంచి 2100 మధ్య నిలపండి. మొదటి వారాల్లో తూకం ఒక కిలో పెరగవచ్చు. ఆ పెరిగేది ప్రధానంగా పైన చెప్పిన నీరే. అదనంగా తినే భాగం అన్నం రూపంలోకంటే గుడ్డు, చేప, పప్పు, పెరుగు రూపంలో రావడం మీకు మంచిది. కండరం నిలవాలంటే మీ బరువుకు రోజుకు 75 గ్రాముల మాంసకృత్తులైనా అందాలి. చేపలరేవు పక్కనే ఉన్న ఊళ్లో ఇది కష్టమైన పని కాదు. నూరు గ్రాముల చేప ముక్కలో ఇరవై గ్రాముల దాకా ఉంటాయి. పొద్దున షిఫ్టుకు వెళ్లేముందు ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి, రెండు గుడ్లు తీసుకుంటే పదకొండు గంటలకల్లా బిస్కట్ల మీదికి మనసు పోదు.

బిస్కట్లంటే గుర్తొచ్చింది. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది ఆ ఒక్క వాక్యమే. షిఫ్టులో చక్కెర వేసిన టీ నాలుగు సార్లు, దానితో అరడజను బిస్కట్లు అనుకుంటే రోజుకు 400 కేలరీలు దాటవచ్చు, ఆరు రోజులకు 2400. అంటే అక్క ఇంటి భోజనాలు రెండు. వాటిని మీరు ‘సర్దుకుంటాను’ అని తేలిగ్గా రాశారు, వాటికి సోమవారపు శిక్ష లేదు, వాటి రుచి మీకు గుర్తు కూడా ఉండి ఉండదు. ఎక్కువ కేలరీలున్నవాటి మీద మీకు తప్పు భావన కలగడం లేదు. ఆనందం కలిగినవాటి మీద మాత్రమే కలుగుతోంది. ఇష్టంగా తినడమే నేరమన్న చోటికి మీ మనసు చేరుకుంది. నేను సూచించేది దీనికి సరిగ్గా ఎదురు దారి. తెలియకుండా తినేవాటిలో కోత పెట్టండి, తెలిసి ఇష్టపడి తినేవాటికి చోటివ్వండి. టీలు రెండుకు తగ్గించి, చక్కెర సగం చేసి, బిస్కట్లు మానేస్తే మిగిలేది తక్కువేమీ కాదు. సంక్రాంతికి అమ్మగారి చేతి అరిసె, ఎవరో మాడుగుల నుంచి తెచ్చిన హల్వా ముక్క, వేసవిలో తాటి ముంజలు, చలికాలంలో తేగలు, బీచ్ రోడ్డు మీద సాయంత్రం ముంత మసాలా, వీటిని ‘అనుమతించిన తప్పులు’గా కాక, మీ ఆహారంలో భాగంగానే లెక్కించండి. ఎవరి బలవంతం మీదో, ఎదురుగా ఉందనో తినే చల్లారిన సమోసాను మాత్రం నిర్మొహమాటంగా వద్దనవచ్చు. ముంజలూ తేగలూ ముంత మసాలా అసలు భయపడవలసిన తిండ్లే కావు. నూనెలో వేగి, బెల్లమో చక్కెరో నిండిన అరిసె, బూరె, హల్వాల దగ్గర మాత్రం ఒకటి రెండు దగ్గర నిదానించాలి.

ఆదివారం ఎలా గడపాలంటే, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. రోజూ తినే ఇడ్లీయో పెసరట్టో తినే వెళ్లండి. ఆకలి దాచుకుని వెళ్లినవాడికి వడ్డన దగ్గర విచక్షణ ఉండదు. అక్క వడ్డించబోతే ‘వద్దు, వద్దు’ అనకండి. మొదటినుంచే ‘పెట్టక్కా, నీ చేతి ఇగురు కోసమే వచ్చాను’ అని కూర్చోండి. ఎందుకంటే వద్దన్న తరువాత తిన్నది ఓటమిలాగా అనిపిస్తుంది, అడిగి తిన్నది భోజనంలాగే ఉంటుంది. పళ్లెంలో ముందు రొయ్యలు, పెరుగు పచ్చడి, ఉల్లి, కీరా ముక్కలు వేసుకుని, ఆ తరువాత బిర్యానీ వేసుకుంటే అన్నం దానంతట అదే తగ్గుతుంది. బూరెలు భోజనంతో పాటు కాకుండా గంట ఆగి తినండి. ఆ గంటలో కడుపు నిండిన కబురు మెదడుకు అందుతుంది, అయిదు తినేచోట రెండు చాలవచ్చు. సాయంత్రం అమ్మాయిని తీసుకుని వాచీ ఇంట్లో పెట్టి అప్పూఘర్ వైపు కాసేపు నడవండి. రాత్రి ఆకలి వేస్తేనే మజ్జిగ అన్నం తినండి, లేకపోతే లేదు. సోమవారం పొద్దున మామూలు టిఫిన్, మామూలు నడక. మొదటి రెండు మూడు సోమవారాలు చాలా అసౌకర్యంగా ఉంటాయి. శిక్ష వేసుకోకుండా ఉండటమే ఆ రోజుల్లో మీరు చేయవలసిన వ్యాయామం.

68 కిలోల లక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. మన దేశస్థులకు ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ 23 దాటితే అధిక బరువుగా చెబుతారు, మీ ఎత్తుకు 23 అంటే 68 కిలోలు. ఆ పట్టిక జనాభా మొత్తాన్ని వడగట్టడానికి పనికొస్తుంది గాని, ఒక్కొక్క మనిషికి గీత గీయడానికి కాదు. మధుమేహం ముప్పును నడుము కొలత మరింత బాగా చెబుతుంది. మన పురుషులకు 90 సెంటీమీటర్ల లోపల ఉండాలంటారు, మీది 89. అందుచేత ఆరు నెలలపాటు బరువు తగ్గించే పని ఆపేసి, ఉన్నచోట నిలబడడం నేర్చుకోండి. తగ్గిన బరువును నిలుపుకోవడం తగ్గడంకంటే కష్టమైన విద్య, అది మీరు ఇంకా మొదలుపెట్టలేదు.

మీ అమ్మాయి సంగతికి ఇంత ఆలస్యంగా వచ్చానని అనుకోకండి. ఉత్తరంలో అన్నిటికంటే తొందరగా చక్కబెట్టవలసినది అదే. పదమూడు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 2400 కేలరీలు కావాలని మన జాతీయ లెక్క. ఎత్తు పెరిగే, ఎముక గట్టిపడే, నెలసరి మొదలయ్యే వయసు అది. ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు అన్నిటికీ అవసరం ఎక్కువ. తండ్రి 1400 కోసం తాపత్రయపడడం చూస్తూ పెరిగే పిల్ల తనకు ఎంత కావాలో ఎక్కడ నేర్చుకుంటుంది? ఇవాళ్టి నుంచి భోజనాల దగ్గర కేలరీ అన్న మాట వినిపించకూడదు. తూకం ఆమె కంటపడకూడదు. ఆమె బరువు గురించి పొగడ్త గాని, హెచ్చరిక గాని వద్దు. మళ్లీ అడిగితే, ‘నాన్నకు షుగర్ వస్తుందేమోనని డాక్టరు చెప్పిన లెక్క అది, నీకు అవసరం లేదు, నీది పెరిగే వయసు’ అని మామూలుగా చెప్పి, ఆమె ముందే ఒక అరిసె తినండి. మాటలకంటే అది ఎక్కువ పనిచేస్తుంది. అమ్మగారికి కూడా ఒక మాట చెప్పుకోవలసి ఉంది. ఇన్నాళ్లూ మీరు పక్కన పెట్టింది ఆమె వంటను కాదని ఆమెకు తెలియాలి. ఇకమీదట అరిసెలు కాస్త చిన్నవిగా వత్తి, గట్టిగా పీటతో నొక్కి నూనె తీయమని అడిగితే ఆవిడ సంతోషంగానే చేస్తారు. అమ్మాయి పూటలు మానడం, తిండి దాచడం, తిన్నాక ఎక్కువసేపు స్నానాల గదిలో ఉండటం వంటివి గమనిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించండి.

మీ విషయంలో కూడా నేను చెప్పిన పద్ధతి రెండు నెలలు పాటించాక, ఆదివారపు అదుపు తప్పడం ఇంకా వారం వారం జరుగుతూ ఉంటే, లేక చాటుగా తినడం, తిన్నది వాంతి చేసుకోవాలనిపించడం, జ్వరంలో కూడా నడవకుండా ఉండలేకపోవడం వంటివి ఉంటే, అది ఆహార నియమాల సలహాతో తీరేది కాదు. దానికి మానసిక వైద్యుల దగ్గర మంచి చికిత్స ఉంది, సిగ్గుపడవలసిన జబ్బు కాదు, మగవారికి రాదనుకోవడం కూడా పొరపాటు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. షిఫ్టుల మధ్య ఆసుపత్రికి వెళ్లడం కుదరనివారికి అది మంచి ఆరంభం.

హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల చక్కెర సగటును చూపిస్తుంది గనుక, కొత్త పద్ధతి మొదలుపెట్టిన మూడు నెలలకు ఆ పరీక్ష, దానితోపాటు నడుము కొలత చూసుకోండి. 5.7 లోపల, 90 లోపల ఉంటే ఏమీ మార్చవద్దు, ఆదివారాలతో సహా. పెరిగితే ఆ నివేదికతోపాటు మీరు ఒక మామూలు బుధవారం తిన్నదేమిటో రాసి పంపండి, అంకెలు వేయకుండా, వంటకాల పేర్లతో.